సముద్రం దాటిన తీగ హాస్టల్ గేటు దాటలేదా?

ప్రపంచంలో ఎంత పేరున్న విశ్వవిద్యాలయమైనా ఇవాళ ఒంటరిగా నడవడం లేదు. వందల ఏళ్ల చరిత్ర, వేల కోట్ల నిధులు ఉన్నవి కూడా సముద్రం అడుగున వేసిన కేబుల్‌లో పక్కవాటితో కలిసి వాటా తీసుకుంటున్నాయి. పరాయి దేశంలో ఉన్న సర్వర్లను కలిసి వాడుకుంటున్నాయి. ఒకరి దగ్గరున్న పుస్తకానికి ఇంకొకరి దగ్గర నకలు పెట్టుకుంటున్నాయి. కలిసి కొనడం, కలిసి దాచడం, కలిసి వాడుకోవడం అనే ఈ మూడు పనుల మీదే నేటి ఉన్నత విద్య నడుస్తోంది.

హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఈ విషయం ఎందుకని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. మెస్ చార్జీలు, బాత్‌రూములు, స్కాలర్‌షిప్పుల ఆలస్యం గురించి రాయాలి గదా అనుకోవచ్చు. అవి రాయవలసినవే. కానీ ఇంట్లో మొదటిసారి డిగ్రీ పట్టా తెచ్చుకున్న మాలాంటివాళ్లకు పీజీలో అడుగుపెట్టాక ఒక సంగతి అర్థమైంది. ఇంటర్, డిగ్రీ దాకా పాఠ్యపుస్తకం బాగా చదివితే గట్టెక్కవచ్చు. పీజీలో, పరిశోధనలో అది చాలదు. నిన్నమొన్న అచ్చయిన జర్నల్ వ్యాసం కావాలి. ఆ వ్యాసం లండన్‌లోనో, ఆమ్‌స్టర్‌డామ్‌లోనో ఉన్న ప్రచురణకర్త చేతిలో ఉంటుంది. దాన్ని తెరిచే తాళంచెవి విశ్వవిద్యాలయం దగ్గర ఉంటుంది. ఆ తాళంచెవి హాస్టల్ విద్యార్థి దాకా వస్తోందా, రావడం లేదా అన్నదే మా ప్రశ్న.

ఒకే గుండిగలో వంట

మన మెస్ లెక్కే తీసుకుందాం. నూరు మంది విద్యార్థులు ఎవరి బియ్యం వాళ్లు కిలో చొప్పున కొట్లో కొనుక్కుని, ఎవరి పొయ్యి మీద వాళ్లు వండుకుంటే ఇచ్చిన డబ్బులు పదో తారీకుకే అయిపోతాయి. బస్తాల లెక్కన కొని, ఒకే గుండిగలో వండితేనే నెలాఖరు దాకా వస్తాయి. నెట్‌వర్క్ సంగతీ అంతే. ఒక్కో కాలేజీ విడిగా వెళ్లి అంతర్జాతీయ కనెక్షన్ కొంటే చిల్లర ధర. అన్నీ కలిసి కొంటే టోకు ధర.

ఈ లెక్క అందరికంటే ముందు తెలుసుకున్నవి బాగా ఉన్న దేశాలే. బ్రిటన్‌లో విశ్వవిద్యాలయాలన్నిటికీ కలిపి 1984లో జానెట్ అనే ఉమ్మడి నెట్‌వర్క్ మొదలైంది. అమెరికాలో 1996లో 34 విశ్వవిద్యాలయాలు కలిసి ఇంటర్నెట్2 పెట్టుకున్నాయి. ఐరోపా దేశాల విద్యా నెట్‌వర్కులన్నిటినీ కలుపుతూ 2000లో జెయాంట్ వచ్చింది. మన దేశమూ వెనకబడి లేదు. 1986లోనే ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో ఎర్నెట్ మొదలైంది. అయిదు ఐఐటీలు, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, బొంబాయిలోని ఒక సాఫ్ట్‌వేర్ పరిశోధనా సంస్థ, ఢిల్లీలోని ఎలక్ట్రానిక్స్ శాఖ కలిసి ఎనిమిది చోట్ల దాన్ని నడిపారు. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ అందింది 1995లో. అంటే అంతకు చాలా ముందే చదువుకునేవాళ్లు ఉమ్మడి తీగ వేసుకున్నారన్న మాట.

ఆ తర్వాత 2010లో కేంద్ర ప్రభుత్వం 5,990 కోట్ల రూపాయలతో నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌ను ఆమోదించింది. విశ్వవిద్యాలయాలు, పరిశోధనాలయాలు వేగమైన తీగతో ఒకదానికొకటి కలిశాయి. విదేశాలతో కూడా కలిశాయి. కొరియా, ఫ్రాన్స్ మధ్య 2001లో మొదలైన టీన్ అనే ఆసియా, ఐరోపా విద్యా నెట్‌వర్క్ మూడో దశలో భారత్ సహా దక్షిణాసియా దేశాలను కలుపుకుంది.

తీగ ఒక్కటే కాదు, నిల్వ చేసే చోటు కూడా ఉమ్మడిదే. జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో పుట్టే డేటాను ఒక్కచోట పెట్టుకోవడం వాళ్ల వల్లే కాలేదు. నలభైకి పైగా దేశాల్లో సుమారు 170 కంప్యూటర్ కేంద్రాలకు పంచారు. అందులో ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఒకటి, కోల్‌కతాలోని సైక్లోట్రాన్ సెంటర్ ఒకటి. అంత ధనవంతమైన ప్రయోగశాలకే పక్కవాడి గది అవసరమైంది. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

విడిగా వెళితే యాచన, కలిసి వెళితే బేరం

ఇదంతా ఉన్నవాళ్ల కథ అనుకునే మిత్రులకు ఆఫ్రికా సంగతి చెప్పాలి. 2000 తర్వాతి తొలి ఏళ్లలో తూర్పు ఆఫ్రికా విశ్వవిద్యాలయాలకు శాటిలైట్ తప్ప దారి లేదు. దాని ధర మోయలేనిది, వేగం చూస్తే నత్తనడక. పక్కపక్క దేశాల్లో ఉన్న ఇద్దరు అధ్యాపకులు ఉత్తరం పంపుకున్నా అది చాలాసార్లు ఐరోపా చుట్టి రావలసిందే. మన ఊరి నుంచి పక్క ఊరికి పోవడానికి ఢిల్లీ వెళ్లి బస్సు మారినట్టు.

2005లో కెన్యా, మలావీ, మొజాంబిక్, రువాండా, దక్షిణాఫ్రికా దేశాల విద్యా నెట్‌వర్కులు కలిసి ఉబుంటునెట్ అలయన్స్ అనే కూటమి కట్టాయి. ఉబుంటు అనే ఆ మాటలో సాటి మనుషుల వల్లనే మనిషి మనిషవుతాడనే భావం ఉంది. వాళ్లు మొదట లండన్‌లో ఒక కేంద్రం పెట్టుకుని అక్కడి నుంచి ఐరోపా నెట్‌వర్క్‌తో కలిశారు. 2009 జులైలో సీకామ్ కేబుల్ తూర్పు ఆఫ్రికా తీరానికి చేరింది. 2011లో ఆఫ్రికాకనెక్ట్ పథకం మొదలైంది. అందులో ఖర్చు ఎక్కువ భాగం ఐరోపా సమాఖ్య పెట్టుకుంటే, మిగిలిన వాటా ఆఫ్రికా భాగస్వాములు పెట్టారు.

ఈ వాటా మాట గుర్తుంచుకోవాలి. వాళ్లు ఊరికే తీసుకోలేదు. తమకు ఉన్నంతలో పెట్టారు, పెట్టారు కాబట్టి బల్ల దగ్గర కూర్చుని మాట్లాడారు. పేదవాళ్లు విడివిడిగా వెళితే అది యాచన అవుతుంది. కలిసి వెళితే బేరం అవుతుంది. మన పెద్దలు సంఘం కట్టినప్పుడు చెప్పింది ఇదే గదా.

ఒకే ఓడలో పుస్తకాలు

కొందరు అధ్యాపకులు ఇంకో మాట అంటున్నారు. మన థీసిస్‌లు, మన పుస్తకాలు, మన డేటా పరాయి దేశపు సర్వర్లలో పెట్టడం అంటే ఇంటి తాళాలు పక్కింట్లో ఇవ్వడమేనని. ఇందులో కొంత నిజముంది. కానీ అంతా నిజం కాదు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ జీవితంలోని ఒక సంఘటన ఇక్కడ చెప్పాలి. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఆయన 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1916లో లండన్ చేరారు. 1917లో స్కాలర్‌షిప్ గడువు ముగిసి చదువు మధ్యలో ఆపి తిరిగి రావలసి వచ్చింది. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. తాను ఒక ఓడలో వస్తూ, కూడబెట్టిన పుస్తకాలను వేరే ఓడలో పంపించారు. ఆ ఓడను జర్మన్ జలాంతర్గామి టార్పెడోతో ముంచేసింది. తిండి తగ్గించుకుని కొన్న పుస్తకాలు సముద్రం పాలయ్యాయి. ఆ నష్టం ఆయన ఒక్కడిది మాత్రమే కాదు.

ఒకే నకలు, ఒకే ఓడ ఉన్నచోట ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మన తెలుగు పుస్తకాలకూ దాదాపు అదే జరగబోయి తప్పింది. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్‌రెడ్డి గారు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి పది లక్షల పుస్తకాల పథకం చేపట్టారు. భారత్, చైనా విశ్వవిద్యాలయాలు, ఈజిప్టులోని అలెగ్జాండ్రియా గ్రంథాలయం భాగస్వాములయ్యాయి. మన దేశంలో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ముందు నిలిచాయి. 2007 నాటికి అన్ని దేశాల్లో కలిపి పదిహేను లక్షల పుస్తకాలు స్కాన్ అయ్యాయి. వాటిలో వేల తెలుగు పుస్తకాలున్నాయి.

కాపీరైట్ చిక్కుల వల్ల 2017లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్ మూతపడింది. రచయితల హక్కు కాపాడవలసిందే, దాన్ని మేము కాదనడం లేదు. కానీ ఆ హక్కు ఎప్పుడో ముగిసిపోయిన పాత పుస్తకాలు కూడా దానితోపాటే తెరమరుగయ్యాయి. అప్పటికే లక్షల పుస్తకాల నకళ్లు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరి ఉండబట్టి సరిపోయింది. తెలుగు ఎం.ఏ. చదివే మా మిత్రులు 1930ల నాటి పుస్తకం కావాలంటే ఇవాళ అక్కడే వెతుక్కుంటున్నారు. హైదరాబాద్‌లో స్కాన్ చేసిన పుస్తకాన్ని హైదరాబాద్ పక్కనున్న హాస్టల్లో కూర్చుని అమెరికా నుంచి తెచ్చుకుని చదువుతున్నాం. దాచిపెట్టిన వాళ్లకు దండం పెట్టాలి. అదే సమయంలో సిగ్గు కూడా పడాలి.

ఇంకో పక్క కూడా చూడాలి. 2008 జనవరిలో ఈజిప్టు తీరాన కేబుళ్లు తెగితే మన దేశంలో ఇంటర్నెట్ కుంటుపడింది. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు మళ్లీ అదే అనుభవం. అంతా బయటే పెట్టుకుంటే ఇదీ ప్రమాదమే. కాబట్టి మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. నకలు బయటా ఉండాలి, ఇంట్లోనూ ఉండాలి. ఉమ్మడిలో చేరడం అంటే మన వాటా అప్పగించేసి చేతులు దులుపుకోవడం కాదు.

తీగ ఎక్కడ ఆగిపోయింది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఒకే దేశం ఒకే చందా పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 మంది అంతర్జాతీయ ప్రచురణకర్తలు, సుమారు 13,000 జర్నల్స్, 6,300కు పైగా సంస్థలు, దాదాపు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ దీన్ని నడుపుతోంది. ఒక్క వ్యాసం విడిగా కొనాలంటే ముప్పై, నలభై డాలర్లు అడిగే చోట ఇది చిన్న మేలు కాదు. దీన్ని మేము మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం.

కానీ ఈ పథకం ప్రభుత్వ విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధనా సంస్థలకు మాత్రమే మొదలైంది. మన హాస్టల్లో ఒకే గదిలో పక్కపక్క మంచాల మీద ఉండే ఇద్దరిని చూడండి. ఒకరు ప్రభుత్వ కాలేజీలో సీటు వచ్చినవారు, ఇంకొకరు ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ప్రైవేటు కాలేజీలో చేరినవారు. ఇద్దరి ఆదాయ సర్టిఫికెట్టూ ఒకటే, ఇద్దరి ఫీజూ కట్టేది ప్రభుత్వమే. జర్నల్ మాత్రం ఒకరికి తెరుచుకుంటుంది, ఇంకొకరికి తెరుచుకోదు. ప్రైవేటు కాలేజీ యాజమాన్యానికి సొంతంగా కొనే ఉద్దేశం ఉండదు, విద్యార్థికి శక్తి ఉండదు.

సరే, ప్రభుత్వ కాలేజీలో ఉన్నవారి పని సులువా? అదీ కాదు. చాలాచోట్ల జర్నల్స్ క్యాంపస్ నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్లోనే తెరుచుకుంటాయి. సాంఘిక సంక్షేమ హాస్టల్ విశ్వవిద్యాలయానిది కాదు, సంక్షేమ శాఖది. అందువల్ల క్యాంపస్ తీగ ఇక్కడికి రాదు. సాయంత్రం లైబ్రరీ మూసేవేళకు మేము బస్సు పట్టుకోవాలి. రాత్రి భోజనాల వేళకు గేటు లోపల ఉండాలి. క్యాంపస్ హాస్టల్లో ఉండే విద్యార్థి రాత్రి పన్నెండింటికి కూడా చదువుకునే వ్యాసాన్ని, మేము మర్నాడు పదిన్నర దాకా చూడలేం. మధ్యలో ఫోన్‌లో ఉన్న డేటా ముగ్గురం పంచుకుని వాడుకుంటాం. సెమినార్ పేపర్‌కు మార్కులు వేసేటప్పుడు ఈ తేడా ఎవరికీ కనబడదు. ఎందుకు సరిగా చదవలేదనే అడుగుతారు.

దీనికి పరిష్కారం ఎవరో కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. 2002లో నెదర్లాండ్స్‌లో పుట్టిన ఆలోచన ఒకటుంది, పేరు ఎడ్యురోమ్. ఇవాళ నూరుకు పైగా దేశాల్లో నడుస్తోంది. మన దేశంలో దీన్ని ఎర్నెట్ చూస్తోంది. పద్ధతి చాలా తేలిక. విద్యార్థికి తన విశ్వవిద్యాలయం ఒక ఐడీ, పాస్‌వర్డ్ ఇస్తుంది. అతను చేరిన వేరే ఏ క్యాంపస్‌కు వెళ్లినా, ఆ ఐడీతో అక్కడి వైఫై పని చేస్తుంది. అక్కడి యంత్రం ఇతని విశ్వవిద్యాలయాన్ని అడిగి, అవును మావాడే అని జవాబు రాగానే దారి ఇస్తుంది. అలాగే ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఇన్‌ఫెడ్ అనే వ్యవస్థలో కాలేజీ చేరితే, విద్యార్థి ఎక్కడున్నా తన లాగిన్‌తో జర్నల్స్ తెరవవచ్చు. ఈ రెండింటిలోనూ గుర్తింపు మనిషికే, భవనానికి కాదు. పారిస్‌లో చదివే విద్యార్థి సెలవుల్లో టోక్యో వెళితే పనిచేసే లాగిన్, మన జిల్లా కేంద్రంలో రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న హాస్టల్లో ఎందుకు పనిచేయకూడదు?

పెద్దలు అడిగే రెండు ప్రశ్నలు

మొదటిది, హాస్టల్లో తాగునీళ్లే సరిగా లేనప్పుడు నెట్‌వర్క్ కావాలా అని. నీళ్లు కావాలి, నెట్‌వర్క్ కూడా కావాలి. ఒకటి అడిగితే ఇంకొకటి వదులుకోవాలని క్యాంపస్ హాస్టల్ పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. మాకే ఎందుకు చెబుతున్నారు?

రెండోది, వైఫై ఇస్తే సినిమాలు చూస్తారని. వార్డెన్ గారి భయం మాకు అర్థమవుతుంది. కానీ సినిమా చూడాలనుకునేవారికి ఫోన్ ఇప్పటికే చేతిలో ఉంది. లేనిది జర్నల్ మాత్రమే. పైగా ఎడ్యురోమ్‌లో ఎవరి లాగిన్ వారిదే కాబట్టి, దుర్వినియోగం చేసినవారు ఎవరో వారి విశ్వవిద్యాలయానికి తెలుస్తుంది. ఊరికే గోడ మీద పాస్‌వర్డ్ రాసిపెట్టిన వైఫై కంటే ఇదే నయం.

ఖర్చు కూడా కొండంత కాదు. గ్రామ పంచాయతీల దాకా ఫైబర్ వేయడానికి 2011లో మొదలైన పథకమే నేటి భారత్‌నెట్. ఆంధ్రాలో, తెలంగాణలో రాష్ట్ర ప్రభుత్వాలు కూడా సొంత ఫైబర్ పథకాలు చేపట్టాయి. తీగ మన వీధి దాకా వచ్చినచోట హాస్టల్ లోపలికి తీసుకోవడానికి కావలసింది సంక్షేమ శాఖ, ఉన్నత విద్యా శాఖ ఒక్కసారి కలిసి కూర్చోవడమే.

2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో పెద్ద డేటా కేంద్రాన్ని, దానితోపాటు సముద్రగర్భ కేబుళ్లు ఒడ్డెక్కే కేంద్రాన్ని ఏర్పాటు చేస్తామని ప్రకటించింది. ఇప్పటిదాకా మన దేశానికి వచ్చే కేబుళ్లు ఎక్కువగా ముంబయి, చెన్నై తీరాల్లోనే ఒడ్డెక్కాయి. అవి మన తీరానికే వస్తున్నప్పుడు, భూమి, నీరు, కరెంటు ప్రజలవే అయినప్పుడు, ఆ కేబుల్లో విశ్వవిద్యాలయాలకు ఉమ్మడిగా కొంత వాటా కావాలని మన వైస్ చాన్సలర్లు ఇప్పుడే అడగాలి. తీగ వేసేశాక అడిగితే అది బేరం కాదు.

మేము కోరేవి, మనం చేయవలసినవి

ప్రభుత్వాన్ని, విశ్వవిద్యాలయాలను మేము కోరుతున్నవి ఇవి:

1. అనుబంధ కాలేజీలు సహా ప్రతి విద్యార్థికీ చేరిన రోజే సొంత లాగిన్ ఇవ్వాలి. అది క్యాంపస్ బయట కూడా పనిచేయాలి.

2. ప్రతి పోస్ట్ మెట్రిక్ హాస్టల్లో ఒక చదువు గదికైనా ఎడ్యురోమ్ ఇవ్వాలి.

3. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ప్రైవేటు కాలేజీల్లో చదివేవారిని ఒకే దేశం ఒకే చందాలో చేర్చాలి.

4. తెలుగు పుస్తకాలు, థీసిస్‌ల నకళ్లు మన రాష్ట్రంలో ఒకచోట, వేరే రాష్ట్రంలో ఒకచోట, విదేశీ భాగస్వామి దగ్గర ఒకచోట ఉంచాలి.

ఇవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇప్పుడే చేయగలిగినవి ఉన్నాయి. ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి శోధ్‌గంగలో లక్షల పీహెచ్‌డీ థీసిస్‌లు లాగిన్ లేకుండానే ఉచితంగా చదవవచ్చు. మన కులవృత్తుల మీద, మన చెరువుల మీద, మన పోరాటాల మీద మనకు ముందు తరం ఏం రాసిందో అక్కడ వెతకండి. మీ కాలేజీ ఇన్‌ఫెడ్‌లో ఉందో లేదో లైబ్రేరియన్ గారిని అడగండి. లేకపోతే నలుగురు కలిసి ప్రిన్సిపాల్ గారికి దరఖాస్తు ఇవ్వండి, దాని నకలు దగ్గర పెట్టుకోండి.

విదేశాల్లో ఉన్న మన పాత విద్యార్థులు, అన్నలు, అక్కలు వార్షికోత్సవానికి షీల్డులు, ఫ్యాన్లు పంపుతున్నారు. వారికి కృతజ్ఞతలు. ఈసారి ఇంకో సాయం అడుగుతున్నాం. మీరు పనిచేసే, చదివే విశ్వవిద్యాలయాల్లో ఈ ఉమ్మడి వ్యవస్థలు ఎలా నడుస్తున్నాయో, దరఖాస్తు ఎలా రాయాలో, ఎవరిని అడగాలో మాకు ఉత్తరం రాసి చెప్పండి. ఆ దారి మీకు తెలుసు, మా ఇళ్లలో చెప్పేవాళ్లు లేరు.

చివరిగా ఈ సంచిక గురించి ఒక మాట. గతంలో వచ్చిన హాస్టల్ సంచికలు ఇవాళ ఒక్కో ప్రతి కూడా దొరకడం కష్టంగా ఉంది. కొన్ని చెదపట్టాయి. మొదటి తరం పిల్లలు మొదటిసారి తమ పేరు అచ్చులో చూసుకున్న పేజీలు అవి. వాటిని స్కాన్ చేసే పని ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెడుతున్నాం. పాత ప్రతులు ఎవరి దగ్గర ఉన్నా హాస్టల్ ఆఫీసులో ఇవ్వండి, స్కాన్ చేసుకుని భద్రంగా తిరిగి ఇస్తాం. ఒక నకలు ఇక్కడ ఉంటుంది, ఒక నకలు సముద్రం అవతల ఉంటుంది.